చవితి మర్నాడు పడ్డ తాళం

మా బిల్డింగ్ డాబా తలుపుకి తాళం వేశారు. కొత్త తాళం. ధర చీటీ పీకేసిన జిగురు మరక ఇంకా దాని మీద అలాగే ఉంది. వినాయక చవితి మర్నాడు సాయంత్రం నేనూ మా అమ్మాయి మైత్రీ పైకి వెళ్లేసరికి అది మా మొహాన్నే వేసినట్టు వేలాడుతోంది.

"నాన్నా, మరి శనిగ్రహం ఉంగరాలు ఎలా చూస్తాం?" అంది మైత్రి. దానికి ఆరేళ్లు. ఆ వారమంతా శనిగ్రహం తప్ప దానికి మరో ధ్యాస లేదు.

"తాళం తీయించి చూస్తాం," అన్నాను ధీమాగా. ఒమన్‌లో, అల్ ఖువైర్‌లో ఈ బిల్డింగ్‌లోకి మేం వచ్చినప్పుడు మైత్రి ఇంకా పుట్టనే లేదు. ఇన్నేళ్లలో డాబాకి తాళం అన్నది నేను చూడలేదు.

కిందికి దిగితే వాచ్‌మన్ షోయబ్ పూలకుండీలకి నీళ్లు పెడుతున్నాడు. నన్ను చూస్తే "విశ్వ భాయ్" అని చెయ్యెత్తే మనిషి, ఆ రోజు తలెత్తలేదు. కుండీ నిండి నీళ్లు నా చెప్పుల దాకా పారుతున్నా పైపు అక్కడినుంచి తియ్యలేదు.

"పైన తాళం ఎవరు వేశారు?" అని హిందీలో అడిగాను.

"మేనేజర్ వెయ్యమన్నాడు. రిపేరు."

"ఏం రిపేరు?"

"నాకేం తెలుసు భాయ్?"

తెలుసని అతని మెడ చెబుతోంది. అబద్ధమాడే మనిషి మెడ ముందు బిగుసుకుంటుంది. అనుమానాలన్నీ మా ఆవిడ సొత్తని నేను వెక్కిరిస్తూ ఉంటాను గానీ, పక్కన పడుకున్నందుకు నాకూ కాస్త అంటింది.

మా ఆవిడ పేరు విజేత. బొంబాయి రవ్వ ప్యాకెట్ కొంటే దాని మీది తేదీని గోటితో గీకి చూస్తుంది, అడుగున ఇంకో తేదీ ఉందేమోనని. అలాంటి మనిషి టెలిస్కోప్‌ని మాత్రం ఊరికే ఒప్పుకుంటుందా? ఊరు ఖాళీ చేసి వెళ్లిపోతున్న ఒక ఫిలిప్పీన్స్ కుటుంబం దగ్గర నేను దాన్ని కొని తెచ్చినప్పుడు, "ఇన్నేళ్లు లేని నక్షత్రాలు ఇప్పుడెందుకండీ?" అంది. మైత్రి శనిని చూస్తానని ఎగిరినప్పుడు, "కోరి కోరి శనిని చూసేవాళ్లని ఇక్కడే చూస్తున్నాను," అంది. ఇంట్లో పెట్టడానికి చోటు లేక, షోయబ్‌ని అడిగి డాబా మీద పడమటి పిట్టగోడ దగ్గర, నీళ్ల ట్యాంకుల పక్కన నిలబెట్టి పాత దుప్పటి కప్పి ఉంచాం. పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ అయ్యాక తండ్రీ కూతుళ్లం పైకి వెళ్లడం అలవాటైంది. ఏసీల రొదలో, వేడికి చెమటలు కారుతున్నా మైత్రి స్టూలెక్కి గొట్టానికి ఒక కన్ను ఆనించి నిలబడేది. రోజంతా ఆఫీసులో నేను పడే తిట్లన్నీ ఆ కాసేపట్లో మర్చిపోయేవాణ్ణి.

ఒక్క నియమం మాత్రం మొదటిరోజే చెప్పాను. గొట్టం ఎప్పుడూ పైకే ఉండాలి, కిందికి తిప్పకూడదు. ఎందుకంటే పడమటి వైపు, సందు దాటగానే ఫహద్ గారి విల్లా. ఆయన ఒమానీ, పెద్ద ఉద్యోగి. ఇంటి చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల పెద్ద వాకిలి. ఎండ తగ్గాక ఆడవాళ్లు తలమీద ముసుగుల్లేకుండా అక్కడ కూర్చుంటారు. ఆ గోడలు అంత ఎత్తు కట్టుకున్నది అందుకే. ఇక్కడ ఇంకొకరి వాకిట్లోకి తొంగిచూడటం ఎంత పెద్ద తప్పో ఒమన్‌లో అడుగుపెట్టిన ప్రతివాడికీ తెలుసు.

షోయబ్ అటూ ఇటూ చూసి, "పాపని ఇంటికి పంపించండి," అన్నాడు గొంతు తగ్గించి.

మైత్రిని లిఫ్ట్ ఎక్కించి వచ్చాను. అతను తడి చేతిని లుంగీకి తుడుచుకుని ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. ఫహద్ గారి వాకిట్లోంచి పైకి తీసిన ఫొటో. మా డాబా పిట్టగోడ, దాని మీంచి కిందికి వంగిన మా టెలిస్కోప్, దానికి కాస్త వెనకగా ఒక మనిషి ఆకారం. మసక వెలుతురులో వీపో మొహమో తెలియడం లేదు గానీ, బట్టతల చూస్తే ఆ మనిషి నేనే.

"నిన్న సాయంత్రం తీశారట. ఆడవాళ్లు కూర్చుని ఉండగా పైనుంచి ఎవరో దుర్భిణితో చూస్తున్నారని. రేపు మగ్రిబ్ అయ్యాక మిమ్మల్ని వాళ్లింటి అతిథుల గదికి, మజ్లిస్‌కి రమ్మన్నారు. పోలీసుల దగ్గరికి వెళ్లేముందు ఒకసారి మాట్లాడతారట."

ఆ గొట్టాన్ని నేను తిప్పలేదు. కానీ నిన్న సాయంత్రం నేను డాబా మీద ఉన్న మాట నిజం. ఎందుకున్నానో ఇంట్లో చెప్పుకోలేని మాట.

నిన్న చవితి కదా. సెలవు పెట్టి, రువీ బజారుకి వెళ్లి తెచ్చిన మట్టి వినాయకుడికి మధ్యాహ్నానికి పూజ ముగించాం. కథ చదివాను, అందరం తల మీద అక్షింతలు వేసుకున్నాం. అక్షింతలు వేసుకున్నాక పొరపాటున చంద్రుణ్ణి చూసినా దోషం లేదంటారు. విజేత దేవుడిచ్చిన ఆ మినహాయింపుని కూడా నమ్మదు.

"ఇవాళ పైకి వెళ్లేది లేదు," అని మైత్రికి గట్టిగా చెప్పింది. "చందమామని చూస్తే చెయ్యని తప్పు మీద పడుతుంది."

"ఎలా పడుతుంది?"

"అందరూ నువ్వే చేశావంటారు. కాదని ఎంత మొత్తుకున్నా నమ్మరు."

పిల్ల మొహం పాలిపోయింది. "నాన్న చూస్తే నాన్న మీద పడుతుందా?"

"ఎవరు చూస్తే వాళ్ల మీద."

ఆ సాయంత్రం నాకు ఒక్క సిగరెట్ కావలసి వచ్చింది. సిగరెట్ మానేశానని విజేత మైత్రి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. అయినా నాలుగో అంతస్తు కమ్రాన్ డాబా మీద తాగుతాడు, అప్పుడప్పుడూ నాకొకటి ఇస్తాడు. ఆయనా వాళ్లావిడకి తెలియకుండా తాగేవాడే. చెత్త పారేసి వస్తానని చెప్పి వెళ్లాను. చంద్రుడు పడమట ఉంటాడని తెలుసు కాబట్టి తల దించుకుని తలుపు దాటి, పడమరకి వీపు పెట్టి, కమ్రాన్‌తో తూర్పు వైపు చూస్తూ తాగి, అలాగే తల దించుకుని దిగిపోయాను. టెలిస్కోప్ వైపు ఒక్కసారైనా చూస్తే కదా అది ఎటు వంగి ఉందో తెలియడానికి!

విజేతకి చెప్పాలా వద్దా అనుకుంటూ తలుపు తెరిచాను. చెప్పక్కర్లేకపోయింది. కూరగాయలకి దిగినప్పుడు కింది అంతస్తు ఆవిడ ఆమెకి మొత్తం చెప్పేసింది. మైత్రిని బెడ్‌రూమ్‌లో బొమ్మలు గీసుకోమని తలుపు దగ్గరకి వేసి, విజేత నా ఎదురుగా కూర్చుంది.

"నిన్న చెత్త పారెయ్యడానికి వెళ్లారు. చెత్తడబ్బా కింద ఉంటుంది. లిఫ్ట్ పైకెందుకు వెళ్లింది?"

నేను టీపాయ్ మీది పేపర్ మడతపెట్టాను.

"ఏలకులు నములుతూ వచ్చారు. వస్తూనే సబ్బుతో చేతులు కడుక్కున్నారు. అప్పుడే అనుకున్నాను ఏదో ఉందని."

"సిగరెట్," అన్నాను. "కమ్రాన్‌తో ఒక్కటి తాగాను. అంతే. నేను టెలిస్కోప్‌ని ముట్టుకోలేదు."

"పిల్ల తల మీద పెట్టిన ఒట్టు తప్పారు. మానేశానని ఇన్నాళ్లూ అబద్ధం చెప్పారు. ఇప్పుడు ఇది మాత్రం నిజమని నేనెలా నమ్మాలి?"

"విజ్జీ, నన్ను ఎన్నేళ్లుగా చూస్తున్నావు?"

"నిజం చెప్పండి. చూశారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అరవాలనిపించింది గానీ, అవతల గదిలో పిల్ల ఉంది. పోలీసులు పిలవనీ, ఉద్యోగం పోనీ, వీసా కొట్టేసి విమానం ఎక్కించనీ, అదంతా బయటివాళ్లు చేసే పని. ఇంట్లో మనిషి, నా కంచంలో అన్నం వడ్డించే మనిషి, ఆ రెండు మాటలు అడగడంతో నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"చూడలేదు," అన్నాను. ఆమె నా మొహాన్ని రవ్వ ప్యాకెట్ మీది తేదీని చూసినట్టు చూసి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక నేనూ అనుమానించడం మొదలుపెట్టాను. నేను తిప్పకపోతే ఎవరు తిప్పారు? నేను వెళ్లేసరికే కమ్రాన్ అక్కడున్నాడు. నాకు సిగరెట్ ఇవ్వడానికి అంత ఉబలాటం ఎందుకు? పిట్టగోడ దగ్గర నుంచి నన్ను తూర్పు వైపుకి నడిపించింది కూడా ఆయనే కాదూ? ఆలోచించినకొద్దీ ఆయన నవ్వు కూడా నాకు నచ్చకుండా పోయింది. వెంటనే వెళ్లి తలుపు కొట్టాను.

కమ్రాన్ తలుపు సగమే తీసి, వరండాలోకి వచ్చి వెనక చప్పుడు కాకుండా మూశాడు. నేను నోరు తెరిచేలోపే నా భుజం మీద చెయ్యి వేశాడు.

"భాయ్, నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. నన్నడిగితే నీకు టెలిస్కోప్ ఉందనే నాకు తెలియదంటాను."

"ఏమిటి అననిది?"

"చూడు, మనిషన్నాక ఒక్కోసారి..." అని ఆగి, జాలిగా నా వైపు చూశాడు. "నువ్వు మంచివాడివి. పిల్ల ఉన్నవాడివి. ఇకమీదట జాగ్రత్త."

నేను ఆయన్ని నిలదియ్యడానికి వెళ్తే ఆయన నన్ను క్షమించి పంపాడు. మెట్లు దిగుతుంటే ఆ జాలి చూపే నా వెనకాల వచ్చింది. దొంగ అయితే అంత నిబ్బరంగా జాలిపడగలడా? పడగలడేమో. అంత బాగా నటించేవాళ్లు లేరా?

మర్నాడు ఆఫీసులో ఫోన్ మోగినప్పుడల్లా పోలీసులే అనుకున్నాను. హెచ్ఆర్ అమ్మాయి పిలిస్తే, అయిపోయిందనుకుంటూ వెళ్లాను. ఇన్సూరెన్స్ కార్డు వచ్చింది తీసుకోమంది. ఆ కార్డు చేతికిస్తూ ఆమె మామూలుగా నవ్విందో, నన్ను చూసి నవ్విందో తేల్చుకోలేకపోయాను.

సాయంత్రం బయల్దేరుతుంటే విజేత కూడా తయారై వచ్చింది. "నేనూ వస్తున్నాను. వాళ్లేమంటారో నా చెవులతో వింటాను." అది నాకు తోడు రావడమో, నా మీద నిఘాయో నేను అడగలేదు. పిల్లని ఒంటరిగా వదల్లేం కాబట్టి మైత్రి కూడా వచ్చింది. మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం లేదని దానికి అర్థమైంది. నా వేలొకటి, వాళ్లమ్మ వేలొకటి పట్టుకుని మధ్యలో నడిచింది.

ఫహద్ గారు గుమ్మంలోనే నిలబడి సలాం చెప్పారు. పాదాల దాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, మొహాన ఏ భావమూ లేదు. విజేతని మజ్లిస్‌లో అవతలి వైపు కూర్చున్న తన తల్లి జైనబ్ గారి పక్కకి పంపించారు. మమ్మల్ని ఖర్జూరాలు తినమన్నారు. తన చేత్తోనే కహ్వా పోశారు. ఆరోగ్యం ఎలా ఉందని, మీ ఊళ్లో వర్షాలు పడ్డాయా అని, పాప ఏ తరగతని అడిగారు. అసలు విషయం ఎత్తడం లేదు. ఇక్కడ మర్యాద అంతే, శత్రువుకైనా ముందు కాఫీ పోస్తారు. ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టాయి. చాలని చిన్నకప్పు అటూ ఇటూ ఊపి ఇచ్చేశాక, ఆయన ఫోన్ తీసి నా ముందు పెట్టారు.

"ఇది మీరేనా?" అన్నారు ఇంగ్లీషులో.

"నేనే."

"అది మీ టెలిస్కోపేనా?"

"నాదే. కానీ నేను..."

నా మోచేతి కిందనుంచి మైత్రి తల దూర్చి ఫొటో చూసింది. "నాన్నా! నేను తిప్పినట్టే ఉంది!" అంది తెలుగులో.

గదిలో మా ముగ్గురికే ఆ మాట అర్థమైంది. అవతలి వైపున విజేత సగం లేచింది.

"ఏమంటోంది?" అన్నారు ఫహద్ గారు.

"తనే తిప్పానంటోంది," అన్నాను. చెబుతూనే అది ఎలా వినబడుతోందో నాకు తెలిసింది. ఆయన కళ్లు చిన్నవయ్యాయి. తప్పు నీ మీద పడితే ఆరేళ్ల పిల్లని అడ్డం పెట్టుకుంటావా అని ఆ చూపుకి అర్థం.

"మీరు మాట్లాడకండి. పాపని నేనడుగుతాను," అని, మైత్రిని దగ్గరికి పిలిచి నెమ్మదిగా, బడి ఇంగ్లీషులో అడిగారు. "నువ్వెప్పుడు తిప్పావు?"

"అమ్మ ప్రసాదం ఇచ్చి రమ్మంది. కమ్రాన్ అంకుల్ వాళ్లింటికి. ఇచ్చేసి పైకి వెళ్లాను. పైకి వెళ్లొద్దని అమ్మ చెప్పింది. గొట్టం కిందికి తిప్పొద్దని నాన్న చెప్పాడు. రెండూ చేశాను," అంది మైత్రి.

"ఎందుకు?"

"ఆ రోజు మూన్‌ని చూస్తే చెయ్యని తప్పు మన మీద పడుతుంది. ముందురోజు మేం మూన్‌నే చూశాం. గొట్టం అటే ఉంది. నాన్న మర్చిపోయి వెళ్లి చూసేస్తే నాన్న మీద పడుతుంది కదా. అందుకని దుప్పటి తీసి మూన్ లేని వైపు తిప్పేశాను."

ఫహద్ గారు ముందుకి వంగారు. తరువాత మామూలుగానే, కానీ పదునుగా అడిగారు. "తిప్పినప్పుడు అందులోంచి నీకు ఏం కనిపించింది? మా ఇల్లు కనిపించిందా?"

ఇది పరీక్షని నాకు తెలిసింది. నేర్పించి తెచ్చిన పిల్లయితే ఇక్కడ తడబడుతుంది.

"ఏమీ కనిపించలేదు," అంది మైత్రి, అంత తెలివితక్కువ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు. "నేను కళ్లు మూసుకుని తిప్పాను. తెరిస్తే నేను మూన్‌ని చూసేస్తాను కదా!"

ఫహద్ గారు వెనక్కి వాలి, తల్లికి అరబ్బీలో మొత్తం చెప్పారు. జైనబ్ గారు మధ్యలో ఆపి ఒక్కో మాటా మళ్లీ అడిగారు, కళ్లు మూసుకున్న సంగతి మరీ మరీ అడిగారు. తరువాత గట్టిగా నవ్వేసి, మైత్రిని లాక్కుని బుగ్గలు రెండూ పట్టుకున్నారు.

"మేం నెలవంక ఎప్పుడు కనిపిస్తుందా అని రంజాన్‌కి ఊరంతా వెతుకుతాం. మీరు దాక్కుంటారా అని అడుగుతోంది మా అమ్మ," అన్నారు ఫహద్ గారు. మొదటిసారి ఆయన మొహంలో మనిషి కనిపించాడు. ఫోన్ తీసి ఫొటో పెద్దది చేసి చూశారు. "మీరెందుకు అక్కడున్నారు మరి?"

"సిగరెట్ తాగడానికి. చంద్రుడికి వీపు పెట్టి నిలబడ్డాను."

"అవును. ఇది వీపే," అన్నారాయన. నా ఎదుటే ఫొటో తుడిచేశారు. "మా ఇంట్లో ఆడవాళ్లున్నారు, అడగక తప్పలేదు. తాళం తీసెయ్యమని చెబుతాను."

ఆయన్ని తప్పుపట్టలేను. నా ఇంటి మీదికి ఎవడైనా గొట్టం వంచితే నేనూ ముందు పోలీసులనే తలుచుకుంటాను. ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన అడిగి తెలుసుకున్నాడు, తెలిశాక నమ్మాడు. అక్కడితో ఆయనతో నా లెక్క తీరిపోయింది.

మైత్రి చేతిలో హల్వా డబ్బా పెట్టి పంపించారు. సందులోకి వచ్చాం. ఎదురుగా పడమట, మంత్రిత్వ శాఖల భవనాల పైన చంద్రుడు చవితినాటికంటే లావెక్కి ఉన్నాడు. ఇప్పుడు చూడొచ్చు. ఎవరమూ చూడలేదు.

"ఇంత తెలిసి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను మైత్రితో.

"నన్నెవరూ అడగలేదుగా," అంది.

నిజమే. షోయబ్‌ని అడిగాను, కమ్రాన్‌ని అనుమానించాను. విజేత నన్ను అడిగింది. బెడ్‌రూమ్ తలుపు దగ్గరకి వేసి మరీ, ఆ పిల్లకి వినబడకుండా జాగ్రత్తపడ్డాం.

విజేత నా పక్కన నడుస్తోంది. రెండుసార్లు ఏదో అనబోయి ఆగింది. నాకు ఆమె వైపు చూడబుద్ధి కాలేదు. ఊరంతా నన్ను నమ్మినా ఆ రాత్రికి నాకు చాలదు, ఆ సంగతి ఆమెకీ తెలుసు.

బిల్డింగ్ గేటు దగ్గర మైత్రి ఆగిపోయింది. రెండు రోజులుగా దానికి అర్థంకానిదేదో ఇప్పుడు అడ్డొచ్చినట్టుంది.

"నాన్నా, ఆ రోజు నువ్వు చందమామని చూడలేదు కదా?"

"చూడలేదమ్మా."

"నేను కూడా చూడలేదు. అమ్మా చూడలేదు. మరి నీ మీద ఎందుకు పడింది?"

విజేత అక్కడే, గేటు దీపం కింద, మైత్రి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. షోయబ్ చూస్తున్నాడు, కింది అంతస్తు ఆవిడ బాల్కనీలో ఉంది. ఎవరు చూస్తే ఏమనుకుంటారోనని చున్నీ వంద సార్లు సర్దుకునే మనిషి, ఆ రోజు ఎవరినీ పట్టించుకోలేదు.

"అది చందమామ వెయ్యలేదు నాన్నా," అంది పిల్లతో. "నేను వేశాను."

అలా అని తలెత్తి నా వైపు చూసింది. నేను చెయ్యి అందించాను. ఆమె లేచాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.